ఎంబీబీఎస్సా, బీడీఎస్సా? ర్యాంకు కంటే ముందు పని చూడండి

ఉయ్యూరులో బస్సెక్కితే ఒకవైపు విజయవాడ, మరోవైపు బందరు. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ, ప్రభుత్వ డెంటల్ కాలేజీ రెండూ ఉన్నాయి. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇంత దగ్గరలో ఉన్నా, మన బైపీసీ పిల్లల్లో చాలామంది డెంటల్ కాలేజీ గడప తొక్కకుండానే ‘ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్’ అనుకుంటారు. అయిదేళ్ల చదువును, ఆ తర్వాతి జీవితాన్ని అలా తేల్చేయకూడదు.

దరఖాస్తు ఇలా

రెండింటికీ నీట్ ఒక్కటే. మొత్తం 720 మార్కుల్లో బయాలజీకే 360. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి. వాటిని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా సీట్లకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో విడిగా నమోదు చేసుకోవాలి. స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోండి. వెబ్ ఆప్షన్లలో మీకు ఎక్కువ ఇష్టమైన కాలేజీనే పైన పెట్టండి. చేరాక సీటు వదిలేస్తే ఏమవుతుందో నోటిఫికేషన్‌లో ముందే చదవండి.

చదువు, పని

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, బీడీఎస్ అయిదేళ్లు. స్పెషలిస్టు కావాలంటే ఎండీ, ఎంఎస్, ఎండీఎస్ ఏదైనా మరో మూడేళ్లు పడుతుంది. పీజీ సీటుకు మళ్లీ పోటీ పరీక్ష రాయాలి.

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులిద్దరూ చదువుతారు. డెంటల్ విద్యార్థి వాటితోపాటు మైనంతో పళ్లు చెక్కడం నేర్చుకుంటాడు. ఆ తర్వాత వృత్తంతా చిన్న జాగాలో, ఓపికగా చేసే చేతిపని. నోటి క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడం, ప్రమాదంలో విరిగిన దవడను సరిచేయడం కూడా దంతవైద్యంలో భాగమే. ఎంబీబీఎస్‌లో శరీరమంతా చూస్తారు, పీజీలో శాఖలూ ఎక్కువ. రాత్రి డ్యూటీలు, అత్యవసర కేసుల ఒత్తిడీ ఎక్కువే.

బీడీఎస్ తర్వాత సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు. అయితే కుర్చీకి, పరికరాలకు పెట్టుబడి కావాలి. ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ. తల్లిదండ్రులు ఫీజుతోపాటు ఈ ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

మళ్లీ నీట్ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లాలా, వచ్చిన బీడీఎస్ సీట్లో చేరాలా అని తేల్చుకునే ముందు, తెలిసిన డాక్టరు దగ్గర, తెలిసిన డెంటిస్టు దగ్గర అనుమతి అడిగి ఒక్కోరోజు కూర్చోండి. వాళ్లు రోజంతా ఏం చేస్తారో గమనించండి. పళ్ల పని నచ్చితే బీడీఎస్‌లో ధైర్యంగా చేరండి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నచ్చకపోతే, సీటు వచ్చింది కదా అని మాత్రం చేరకండి.