బ్రేకు ఆయిలు మార్చడం, గాలి తీయడం – మనం చదివిన పాస్కల్ నియమం

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదటివాణ్ణి. మా నాయన అద్దె కారు నడుపుతాడు. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ట్రిప్పులే ఎక్కువ. అందుకే ఆయన పనికీ నా చదువుకూ రెండింటికీ సంబంధం ఉన్న పాఠం ఎంచుకున్నాను.

మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్ని వైపులకూ తగ్గకుండా ప్రసరిస్తుంది. ఇదే పాస్కల్ నియమం. పరీక్షలో రెండు మార్కులకు రాసి మర్చిపోతాం గానీ, కారు ఆగేది దీని మీదే. లెక్క చూడండి. డ్రైవరు పెడలు మీద 30 కిలోల బరువుతో సమానమైన బలం వేశాడనుకుందాం. పెడలు ఒక తులాదండం. అది 4 రెట్లు చేస్తే మాస్టర్ సిలిండరు పిస్టను మీద 120 కిలోలు పడుతుంది. ఆ పిస్టను వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం దగ్గరి పిస్టను వ్యాసం 48 మిల్లీమీటర్లు అయితే వైశాల్యాల నిష్పత్తి 5.76. అంటే చక్రం దగ్గర బ్రేకు ప్యాడును నొక్కే బలం సుమారు 690 కిలోలు! కార్లకు ఈ ద్రవ బ్రేకుల మీద అమెరికాలో మాల్కం లాకీడ్ 1917లో పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లకు నాలుగు చక్రాలకూ ఇవి వచ్చాయి.

ఈ లెక్కంతా ఒక్క షరతు మీద నిలబడింది. ద్రవం నొక్కినా కుంచించుకుపోదు. వాయువు అలా కాదు, నొక్కితే నలుగుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే డ్రైవరు కాలి బలం బుడగను నలపడానికే ఖర్చవుతుంది. పెడలు స్పాంజిలా మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు.

గాలి లోపలికి రాకపోయినా బుడగ పుట్టవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మనం బ్రేకు ఆయిలు అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. మన సీమలో తేమ ఎక్కడిది అనుకోకండి. మనకూ వానాకాలం ఉంది. డబ్బా మూత దగ్గరి సన్నని రంధ్రం గుండా, రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155.

ఇప్పుడు ఘాటు దిగుదాం. మనుషులతో కలిపి 1000 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు మీదే దిగిందనుకోండి. ఎమ్‌జీహెచ్ వేస్తే 29 లక్షల 40 వేల జౌళ్ళు. 10 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు కాచేంత వేడి! గాలికి పోయేది పోగా చాలా భాగం డిస్కులు, డ్రమ్ములే మోయాలి. అక్కడి నుంచి వేడి ద్రవానికి పాకుతుంది. పాత ద్రవమైతే అందులోని నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే మామూలు వాతావరణ పీడనం దగ్గర 1600 రెట్లకు పైగా జాగా తీసుకుంటుంది. ఒక్క చుక్క చాలు.

మా నాయన ఒకసారి చెప్పినాడు: "దోర్నాల వైపు దిగుతాంటే బ్రేకు మెత్తగైపోయింది రా. గేరు తగ్గించి, అంచుకు ఆపి అరగంట ఉంటే మళ్ళీ గట్టిపడింది. ఏమైందో ఏమో." చల్లారగానే ఆవిరి మళ్ళీ నీరైంది, అంతే. మళ్ళీ గట్టిపడింది కదా అని చాలామంది ఆ సంగతి మెకానిక్కుకు కూడా చెప్పరు. ఆ కారులో వెనక పిల్లాజెల్లా ఆరుగురు ఉన్నారు.

అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి ద్రవం మార్చమంటాయి. బండి పుస్తకంలో చూసి, మూత మీద రాసిన రకమే సీలు తీయని డబ్బా కొనండి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, వేరే జాతి. దాన్ని డాట్ 3, డాట్ 4లతో కలపకూడదు. ఇంజను ఆయిలు, కిరోసిను ఒక్క చుక్క తగిలినా లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి.

పనికి ఇద్దరు కావాలి. సమతలం మీద బండి ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరవద్దు. డబ్బాలోని పాత ద్రవాన్ని పెద్ద సిరంజితో తీసేసి కొత్తది పోయాలి. మన దేశంలో స్టీరింగు కుడివైపు కాబట్టి మాస్టర్ సిలిండరూ కుడివైపే ఉంటుంది. దానికి అన్నిటికన్నా దూరం వెనక ఎడమ చక్రం. మామూలుగా అక్కడ మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో వస్తారు. కొన్ని బండ్లకు వరస వేరు, పుస్తకమే ప్రమాణం.

చక్రం వెనక ఉన్న బ్లీడింగు నిప్పలుకు ముందు రింగు పానా తగిలించి, తర్వాత పారదర్శకమైన సన్నగొట్టం ఎక్కించాలి. గొట్టం రెండో కొన కొంచెం కొత్త ద్రవం పోసిన సీసాలో మునిగి ఉండాలి. లోపలివాడు పెడలు మెల్లగా నొక్కి పట్టి "పట్టినా" అనాలి. కిందివాడు పానాను పావు చుట్టు తిప్పగానే పాత ద్రవం, బుడగలు బయటికి వస్తాయి. నిప్పలు బిగించి "వదులు" అన్నాకే పెడలు వదలాలి. నిప్పలు తెరిచి ఉండగా వదిలితే గాలి లోపలికి లాక్కుంటుంది, చేసిన పనంతా పోతుంది. బుడగలు ఆగి, తేటగా కొత్త రంగు వచ్చేదాకా ఇదే. నాలుగైదు సార్లకొకసారి పై డబ్బా చూసి నింపుతుండాలి. అది ఖాళీ అయితే మళ్ళీ మొదటికొస్తుంది. పాత బండికి పెడలు కింద చెక్కముక్క పెట్టుకోండి. పెడలు అడుగంటా పోతే తుప్పుచోట రాసుకుని మాస్టర్ సిలిండరు సీలు చిరిగే ప్రమాదముంది.

ద్రవం రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. కళ్ళకు, కడుపుకు విషం. తీసిన ద్రవాన్ని కూల్‌డ్రింకు సీసాలో వదిలేసి పోవద్దు, ఇంట్లో చిన్నపిల్లలుంటారు. కాలువలో పోయకుండా పాత ఆయిలు తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి.

అయ్యాక ఇంజను ఆపి పెడలు నొక్కి చూడండి. గట్టిగా, ఒకే ఎత్తులో నిలవాలి. నొక్కిపట్టి ఇంజను స్టార్టు చేస్తే కొంచెం దిగుతుంది, అది బూస్టరు పని, భయం లేదు. కానీ పట్టిన కొద్దీ మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండరు పోయినట్టు. అలాంటి బండిని రోడ్డెక్కించవద్దు. నిప్పలు తుప్పుపట్టి కదలకపోయినా బలవంతం చేయకుండా మెకానిక్కును పిలవండి, విరిగితే ఖర్చు పెద్దది. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ యూనిట్లోకి గాలి దూరితే కంప్యూటరు పరికరం లేకుండా తీయడం కష్టం. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

మొదటి పరీక్ష ఖాళీ మైదానంలో, నడక వేగంతో చేయండి. నాలుగు నిప్పళ్ళ దగ్గరా తడి ఉందేమో చేత్తో తడిమి చూసి, మార్చిన తేదీ, కిలోమీటర్ల రీడింగు ఒక కాగితం మీద రాసి బానెట్టు లోపల అంటించండి. మా నాయన కారులో ఆ కాగితం నా చేతిరాతతో ఉంది.