మహమ్మారి ఏడాదిలో పెట్టుబడి ఎలా పెరిగింది?

2020లో ప్రపంచవ్యాప్తంగా విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి దాదాపు 35 శాతం పడిపోయింది. మన దేశానికి మాత్రం 27 శాతం పెరిగి 6,400 కోట్ల డాలర్లకు చేరింది. అంక్టాడ్ నివేదికలోని ఈ లెక్క దగ్గర నేను ఆగిపోయాను. లాక్‌డౌన్‌లో పెరగడమేంటి?

విదేశీ డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది షేర్ మార్కెట్ సొమ్ము. పై లెక్కలో ఇది ఉండదు. భయం పుడితే ఒక్క క్లిక్‌తో వెళ్ళిపోతుంది. 2020 మార్చిలో అదే జరిగింది, రూపాయి కూడా పడింది.

రెండోది, ఉన్న కంపెనీలో వాటా కొనడం. ఆ ఏప్రిల్‌లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటాకి ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెడతానని ప్రకటించింది.

మూడోది, కొత్తగా ఫ్యాక్టరీ కట్టడం. దీనికి మనుషులు వచ్చి స్థలం చూడాలి, యంత్రాలు ఓడల్లో దిగాలి, సరుకుకి గిరాకీ ఉండాలి. బంగ్లాదేశ్‌నే తీసుకోండి. యూరప్, అమెరికాల్లో దుకాణాలు మూతపడగానే 300 కోట్ల డాలర్లకు పైగా దుస్తుల ఆర్డర్లు రద్దయ్యాయి, లేదా ఆగిపోయాయి. ఉన్న మిషన్లే ఖాళీగా ఉంటే కొత్త షెడ్డు ఎవరు వేస్తారు?

మన లెక్కని పైకి నెట్టింది ప్రధానంగా రెండో దారే, అదీ ఐటీ, టెలికాం రంగాల్లో. వాటా చేతులు మారినంత మాత్రాన కొత్త ఉద్యోగం పుట్టదు. రేపు ఉద్యోగాలు వెతుక్కోవాల్సిన మనకి మూడో దారి ముఖ్యం. ఇకపై "పెట్టుబడులు పెరిగాయి" అని హెడ్‌లైన్ కనిపిస్తే, ఏ దారిలో అని అడుగుదాం.