రాతిలో రోలు – రోడ్డు మీద గొయ్యి

వూరి రోడ్డు మీద గొయ్యి పడితే కంట్రాక్టరును తిట్టుకుంటాము. మరి నది అడుగున గట్టి రాతిలో మనిషి దిగేటంత గొయ్యి పడితే ఎవరిని తిట్టాలి? ఈ రెండు గోతులకూ ఇంగ్లీషులో పేరు ఒక్కటే – పాట్‌హోల్. రెండు చోట్లా అసలు నేరస్థుడూ ఒక్కడే – నీరు!

ముందు రాతి సంగతి చూద్దాము. మహారాష్ట్రలో నిఘోజ్ గ్రామం దగ్గర కుకడీ నది నల్లని బసాల్టు రాతి మీదుగా పారుతుంది. ఆ రాతి నిండా రోళ్ళు తొలిచినట్లు గుండ్రని గోతులున్నాయి. రాతిలో ఎక్కడో చిన్న పల్లము ఉంటుంది. వరదనీరు అక్కడ సుడి తిరుగుతుంది. సుడిలో చిక్కిన ఇసుక, గులకరాళ్ళు గిరగిర తిరుగుతూ రాతిని అరగదీస్తాయి. మన ఇంట్లో రుబ్బురోలు లాంటిదే ఇది. పల్లము రోలు, గులకరాయి పొత్రము, తిప్పే చెయ్యి నీరు. ఈ పనికి వేల సంవత్సరాలు పట్టవచ్చు.

తారు రోడ్డుకు మాత్రం ఒక్క వానాకాలం చాలు. చలిదేశాలలో పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, రోడ్డును పగలగొడుతుంది. మన దగ్గర జరిగేది వేరు. తారులో పడిన సన్నని పగులు గుండా వాననీరు దిగి, కంకర కింది మట్టిని మెత్తబరుస్తుంది. లారీ చక్రము ఎక్కినప్పుడల్లా ఆ బురదనీరు పైకి చిమ్ముతుంది. సన్నమట్టి దానితోపాటే పోతుంది. అడుగు బోలు అవుతుంది, పైపెంకు కూలుతుంది. నల్లరేగడి నేల అయితే మరీ కష్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

బరువు మాట కూడా చెప్పాలి. 1958–60లలో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపు అయితే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని తేలింది.

నేను రైతుబిడ్డను గనుక ఒక మాట. మడి గట్టుకు ఎండ్రకాయ బొక్క పడితే రైతు తెల్లారేదాకా ఆగడు; పార పట్టుకొని అప్పుడే పూడుస్తాడు. లేకపోతే గండి పడుతుందని అతనికి తెలుసు. అదే రైతు నాలుగు సాళ్ళు కలిసొస్తాయని రోడ్డు పక్క కాలువ పూడ్చేస్తాడు. దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టరును తారు రోడ్డెక్కిస్తాడు. ఆ రోడ్డు మీదే గదా మన ధాన్యము మార్కెట్టుకు, పురిటి మనిషి ఆసుపత్రికి పోవలసింది! నీళ్ళు నిండిన గొయ్యి లోతు రాత్రిపూట సైకిలు మీద వచ్చేవాడికి ఎట్లా తెలుస్తుంది?

రోడ్డు తాబేటి వీపులా మధ్య ఎత్తుగా ఉండాలి, పక్క కాలువలో నీరు ఆగకుండా పారాలి. గొయ్యి పడితే నీళ్ళు తోడి, అంచులు నిలువుగా చెక్కి, తారు పూసి, తారు కలిపిన కంకర వేసి రోలరుతో తొక్కించాలి. ఊరికే నాలుగు గంపల కంకర పోస్తే చక్రాల కింద ఆ రాళ్ళే ఎగిరిపడి అంచులను చెడగొడతాయి.

కంట్రాక్టరును తప్పకుండా అడుగుదాము. దానితోపాటు, మిత్రులారా, వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, తొలకరికి ముందే మన పొలం పక్క కాలువను కూడా ఒకసారి చూద్దాము.