ఏరియల్‌కు చిలుము పట్టింది



రాగి చెంబును చింతపండు పెట్టి తోముతాం. నాలుగు రోజులు మానేస్తే దానికి చిలుము పడుతుంది. మరి ఇంటి మీద కట్టిన రాగి తీగను ఎవరు తోముతారు?

మా వదిన వాళ్ళది కోనసీమలో సముద్రం ఒడ్డున ఊరు. అందరూ వేటకు పోయేవాళ్ళే. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఆ తీరాన్ని ఊడ్చేసింది. వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. అప్పటి నుంచి వదిన రేడియోలో వార్తలు వినడం మానలేదు. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో విన్నాకే అన్నయ్యను పడవ ఎక్కనిచ్చేది.

1997లో దసరా వెళ్ళగానే ఆ రేడియో గరగరమనడం మొదలుపెట్టింది. మాట తెలియడం లేదు. వదిన కొత్త బ్యాటరీలు వేసింది. అయినా అంతే.

"తుఫాన్ల కాలం వచ్చేసింది. ఇప్పుడే దీని గొంతు పోవాలా?" అని ఒకటే గోల.

రేడియో బాగుచేసే కుర్రాడు వచ్చాడు. పెట్టె విప్పలేదు. ముందు ఇంటి మీదికి చూశాడు. అక్కడ రెండు వెదురు గడల మధ్య రాగి తీగ కట్టి ఉంది. అదే ఏరియల్. గాలిలో వచ్చే రేడియో అలలను అది పట్టుకుంటుంది. దానికి ముడివేసిన ఇంకో తీగ కిందికి దిగి రేడియోలోకి వస్తుంది.

"జబ్బు పెట్టెకు కాదక్కా. ఆ ముడికి" అన్నాడు.

గడ దించి చూశారు. ముడి పచ్చగా ఉంది. చిలుము! ఉప్పు గాలి, వాన తడి కలిసి రాగిని తింటాయి. తీగ పొడవునా చిలుము పట్టినా అంత నష్టం లేదు. ముడి లోపల పడితేనే చేటు. రెండు తీగల మధ్య పొర అడ్డుపడుతుంది. అవి ఒకదానికొకటి తగలవు.

వదిన చింతపండు తేబోయింది.

"వద్దక్కా. పులుపు ముడిలో మిగిలిపోతే మళ్ళీ రాగిని తింటుంది" అన్నాడు. గరుకు కాగితంతో తీగను ఎర్రగా మెరిసేదాకా రుద్దాడు. గట్టిగా మెలిపెట్టి టంకం వేశాడు. పైన రబ్బరు టేపు చుట్టాడు. కిందికి దిగే తీగకు టేపును కింది నుంచి పైకి చుట్టాలట. తాటాకు ఇల్లు కప్పేటప్పుడు మనమూ చూరు దగ్గరే మొదలుపెడతాం కదా! పై ఆకు కింది ఆకు మీదికి వస్తుంది. నీళ్ళు జారిపోతాయి. ఇదీ అంతే.

కిటికీ దగ్గర తీగను ఉయ్యాలలాగా కిందికి వంచి, ఆ తర్వాత లోపలికి తెచ్చాడు. వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వంపు లేకపోతే తీగ వెంటే ఇంట్లోకి వస్తాయి. గడల దగ్గర ఉన్న పింగాణీ ముక్కల మీద ఉప్పు పేరుకుంది. దాన్ని మంచినీళ్ళ గుడ్డతో వదినే తుడిచింది.

ఇప్పుడు ఇంటి మీద టీవీ డిష్ ఉన్నా, పడవ మీద వైర్‌లెస్ ఏరియల్ ఉన్నా ఉప్పు గాలికి ఒకటే. అల్యూమినియానికి మామూలు ఇనుప బోల్టు బిగించకండి. ఉప్పు తడిలో బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. తుప్పు పట్టని స్టీలు బోల్టు అడిగి తెచ్చుకోండి. గ్రీజు పూసి బిగించండి. తీగకు నల్ల తొడుగు ఉన్నది కొనండి. అది ఎండకు తొందరగా పగలదు.

ఇంకొక మాట. ఇది ప్రాణానికి సంబంధించినది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు గడను ముట్టుకోకండి. మబ్బు పట్టగానే ఏరియల్ తీగను రేడియో నుంచి పీకేయండి. గడ విరిగి పడినా కరెంటు తీగల మీద పడనంత దూరంలో దాన్ని పాతండి. తుఫాను వస్తోందని తెలిస్తే, గాలి లేవక ముందే దించేయండి.

ఆ రోజు గడ మళ్ళీ ఎత్తాక రేడియో గొంతు విప్పింది. వదిన తలుపు వెనక సుద్దముక్కతో తేదీ రాసుకుంది. ఆ తర్వాత ఏటా దసరాకు ముందే గడ దింపించి ముడి చూసేది. చూసిన రోజు తేదీని పాత తేదీ కింద రాసేది.