జ్యూస్ షాపు గ్లాసులో ఏముంది?

ఎండలో బస్సు దిగగానే జ్యూస్ షాపు కనబడితే ప్రాణం లేచి వస్తుంది. సపోటా షేక్ రుచిగా ఉంటుంది, కాదనను. కూల్‌డ్రింక్ కాదు, పండే కదా, ఒంటికి మంచిదేనని మీరు అనుకోవచ్చు. ఒకసారి మిక్సీ దగ్గర నిలబడి చూడండి. రెండు పండ్లు, పాలు, ఐస్, వాటితోపాటు మూడు పెద్ద చెంచాల పంచదార, పైన ఐస్‌క్రీమ్! రోజు మొత్తానికి పంచదార 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పండ్లరసంలోని తీపి కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

పంచదార వేయని బత్తాయి రసమైతే? గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి. వడకడితే పీచు పోయి తీపి మిగులుతుంది, త్వరగా రక్తంలో చేరుతుంది. షుగరు వ్యాధి ఉన్నవారు ఒక్క కాయ ఒలుచుకొని తినండి, లేదా జామకాయ తినండి. అయితే మాత్ర వేసుకొని భోజనం ఆలస్యమై, చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, స్పృహలో ఉన్నంతవరకు అదే రసం అర గ్లాసు వెంటనే తాగించాలి.

ఐస్ ఏ నీళ్ళతో చేశారో మనకు తెలియదు. టైఫాయిడ్, కామెర్లు అలాంటి నీళ్ళతోనే వస్తాయి. పంచదార, ఐస్ వద్దని ముందే చెప్పండి.

వార్డులో నాకు ఎక్కువ భయం వేసేది, మూత్రపిండాలు పాడైనవారికి బంధువులు ప్రేమతో బత్తాయి రసం, కొబ్బరినీళ్ళు తెచ్చినప్పుడు. వాటిలోని పొటాషియం బయటికి పోక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. తాగించే ముందు సిస్టరును అడగండి.