ఆన్‌లైన్ అంగడిలో చిన్న వర్తకుడు: మార్కులు, ఆంక్షలు, జాగ్రత్తలు

మన గ్రామములలో వస్తువును తయారుచేయు నేర్పునకు ఎన్నడును కొరత లేదు. కొరత యంతయు విపణికి సంబంధించినదే. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి నేతగాండ్రును, ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మల పనివారును తరతరములుగా సరుకును సిద్ధపరచి, దానిని అమ్ముకొనుటకు దళారి మొగమును చూచుచు వచ్చిరి. ఇటీవలి సంవత్సరములలో ఈ స్థితి కొంత మారినది. ఫ్లిప్‌కార్ట్ 2007లోను, మీషో 2015లోను మన దేశమున స్థాపింపబడినవి. అమెజాన్ సంస్థ 2013లో ఇచట అంగడి తెరచినది. చేతిలోని ఫోను సహాయముతో గ్రామీణుడు తన చీరను ఢిల్లీలోని గృహిణికి నేరుగా చూపి అమ్మగలుగుచున్నాడు.

అయితే ఈ క్రొత్త అంగడిలో ఒక క్రొత్త చిక్కు కూడ కలదు. అమ్మకములు సాగుచుండగనే హఠాత్తుగా ఖాతాపై ఆంక్షలు పడుట, సరుకు కనబడకుండ పోవుట, రావలసిన పైకము నిలిచిపోవుట చిన్న వర్తకులకు అనుభవమగుచున్నది. ఇట్లేల జరుగును? దీనిని నివారించుట యెట్లు? జరిగినచో చేయవలసిన దేమి? ఈ విషయములను మేము ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మార్కుల పద్ధతి యేల వచ్చినది?

సంతలో కొనువాడు వస్తువును చేతబట్టి చూచును. అమ్మువాని మొగమును ఎరుగును. ఆన్‌లైన్ అంగడిలో ఈ రెండును లేవు. కనుక నమ్మకమునకు మరియొక ఆధారము కావలసి వచ్చినది. 1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ ప్రారంభించి, పిమ్మట ఈబే అను పేర ప్రసిద్ధమైన వేలము అంగడి, 1996లో కొనువారును అమ్మువారును ఒకరినిగూర్చి యొకరు అభిప్రాయము వ్రాయు పద్ధతిని ప్రవేశపెట్టినది. 2008లో అమ్మువారు కొనువారిపై ప్రతికూలాభిప్రాయము వ్రాయు వీలును తొలగించినది. అనగా నాటినుండి అచట మార్కులు పడునది ప్రధానముగా అమ్మువానికే. నేడు పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళు అన్నియు ఏదో యొక రూపమున ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

ఉదాహరణమునకు అమెజాన్ అంగడిలో ముఖ్యముగా మూడు లెక్కలు కలవు. మొదటిది లోపపు ఆర్డర్ల లెక్క. ప్రతికూలాభిప్రాయము వచ్చిన ఆర్డర్లు, పైకము తిరిగి యిమ్మని కొనువారు సంస్థకు చెప్పుకొనినవి, బ్యాంకు కార్డు ద్వారా పైకమును వెనుకకు తీసికొనినవి ఇందు చేరును. 60 దినముల కాలమున ఇవి 1 శాతమునకు లోపుగ నుండవలెను. రెండవది అమ్మువాడు తానై రద్దుచేసిన ఆర్డర్ల లెక్క, ఇది 2.5 శాతమునకు లోబడవలెను. మూడవది ఆలస్యముగా పంపిన ఆర్డర్ల లెక్క. ఇది 4 శాతమునకు లోబడవలెను. హద్దు దాటినచో అమ్మకపు హక్కుపై ఆంక్షలు రావచ్చును.

చిన్నవానికి ఒక్క ఫిర్యాదే బరువు

పై అంకెలు అందరకును సమానముగనే కనిపించును. కాని లెక్కవేసి చూచినచో భేదము తెలియును. 60 దినములలో 4000 ఆర్డర్లు పంపిన పెద్ద వర్తకునిపై 30 ఫిర్యాదులు వచ్చినవనుకొందము. అది 0.75 శాతము మాత్రమే. అతడు హద్దులోనే యున్నాడు. అదే కాలమున 40 చీరలు అమ్మిన నేతకుటుంబముపై ఒక్క ఫిర్యాదు వచ్చినచో అది 2.5 శాతమగును. హద్దు దాటినట్లే. ఒక్క ఫిర్యాదు వచ్చియు 1 శాతమునకు లోపుగ నుండవలెనన్న, ఆ కాలమున 100కు పైబడి ఆర్డర్లు ఉండవలెను.

ఈ గణితమును చిన్న వర్తకుడు మొదటనే గ్రహింపవలెను. దసరాకు ముందు నూలును అప్పుగా తెచ్చి, ఇంటిల్లిపాదియు మగ్గముపై శ్రమించి సరుకు సిద్ధపరచిన కుటుంబమునకు, పండుగ వారములోనే ఖాతా నిలిచిపోయినచో అప్పు నిలిచియుండును, సరుకును నిలిచియుండును. పెద్ద వర్తకునికి ఇది ఒక విభాగపు నష్టము. ఈ కుటుంబమునకు సంవత్సరపు జీవనము.

మార్కులు తగ్గుటకు గల కారణములు

గ్రామీణ వస్తువుల విషయమున ఫిర్యాదులకు కారణములు తరచు ఇవియే. వర్షకాలమున మగ్గపు గుంటలోనికి నీరు చేరి నేత ఆగిపోవును. ఆర్డరు మాత్రము వచ్చియే యుండును. చేతి అద్దకమున ఒక వాయికిని మరియొక వాయికిని రంగులో కొద్ది భేదముండును. ఫోటోలోని రంగు వేరు, చీర రంగు వేరు అని కొనువారు తలతురు. చేతినేతలోని సహజమైన చిన్న అసమానతను లోపమని భావింతురు. తగిన అట్టపెట్టె లేక లక్కబొమ్మ దారిలో విరుగును. ఒకే చీరను ఊరిలోను, ఆన్‌లైన్‌లోను అమ్మకమునకు పెట్టుటచే, ఊరిలో అమ్ముడైన పిమ్మట ఆర్డరు వచ్చి రద్దుచేయవలసి వచ్చును.

ముందు జాగ్రత్తలు

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనన్నది పెద్దల మాట. ఖాతా సరిగా నున్నప్పుడే ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనుట మేలు.

1. సరుకు పంపుటకు పట్టు దినములను నిజముగా తెలుపవలెను. నాలుగు దినములు పట్టు పనిని రెండు దినములని వ్రాయరాదు.

2. చేతిలో సిద్ధముగా నున్న సరుకునే అమ్మకమునకు చూపవలెను. ఊరిలో ఒక చీర అమ్ముడైన వెంటనే ఫోనులోని లెక్కను తగ్గింపవలెను.

3. పెండ్లి, జాతర, వరద మొదలగు కారణములచే పని ఆగునపుడు, అమ్మకమును తాత్కాలికముగా నిలుపు సదుపాయమును వాడుకొనవలెను. నాలుగు దినముల అమ్మకము పోయినను ఖాతా నిలుచును.

4. పగటి వెలుతురులో తీసిన ఫోటోలనే పెట్టవలెను. రంగులో స్వల్పభేదము ఉండవచ్చునని, చేతినేత లక్షణములు ఇవియని, మొదటి ఉతుకు ఎట్లు చేయవలెనో వివరణలో స్పష్టముగా వ్రాయవలెను.

5. కొనువారు ఫోనుచేసి ఆర్డరు వలదన్నచో, రద్దును వారి ఫోనునుండి వారినే చేయుమని కోరవలెను. అమ్మువాడు రద్దుచేసినచో ఆ లెక్క అతనిపై పడును.

6. సరుకు కట్టునపుడు ఫోటో తీసి, కొరియరు రసీదుతో కూడ భద్రపరచవలెను. వివాదము వచ్చినపుడు సాక్ష్యము ఇదియే.

7. పాన్ కార్డులోను, బ్యాంకు ఖాతాలోను, జి.ఎస్.టి. పత్రములోను పేరు ఒకే తీరుగ నుండునట్లు చూచుకొనవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మార్కులు పెంచుకొనుటకై బంధుమిత్రులచే మెచ్చుకోలు వ్రాయించుట, తానే కొనుగోలుదారుని వేషమున వ్రాయుట ఎన్నడును చేయరాదు. అమ్మువాడు కొనుగోలుదారునిగా నటించి అభిప్రాయములు ప్రకటించుటను 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమములు నిషేధించినవి. బయటపడినచో పోవునది ఖాతా ఒక్కటియే కాదు, పరువును పోవును.

ఆంక్ష పడినపుడు

మొదట చేయవలసినది తొందరపడకుండుట. వెంటనే మరియొక పేర క్రొత్త ఖాతా తెరచుట పలువురు చేయు పొరపాటు. రెండు ఖాతాలకు గల సంబంధమును సంస్థలు కనుగొని, రెండింటిని నిలుపుచుండును.

సంస్థ పంపిన నోటీసును పూర్తిగా చదువవలెను. ఇంగ్లీషు రానివారు గ్రామములోని చదువుకొన్న యువకుని సహాయము తీసికొనవలెను. ఏ లెక్క హద్దు దాటినదో, ఏ ఆర్డర్లు కారణమో గుర్తించి, పిదప విన్నపము వ్రాయవలెను. విన్నపమున మూడు భాగములుండుట మంచిది: లోపమునకు మూలకారణమేమి, దానిని ఇప్పటికి ఎట్లు సరిదిద్దితిమి, ఇకముందు జరుగకుండుటకు ఏ యేర్పాటు చేసితిమి. కొనువారిని నిందించుట, మొరపెట్టుకొనుట వలన ప్రయోజనము లేదు. ఆర్డరు సంఖ్యలు, తేదీలు, రసీదులు జతపరచిన క్లుప్తమైన విన్నపమే పనికివచ్చును.

తప్పు తనది కానిచో ఆ సంగతిని ఆధారములతో తెలుపవలెను. బూతుమాటలు గల అభిప్రాయములను, సంస్థ తన గిడ్డంగి నుండి తానే పంపిన సరుకు ఆలస్యమును గూర్చిన అభిప్రాయములను తొలగింపుమని కోరు వీలు అమెజాన్ వంటి అంగళ్ళలో కలదు. ఒక్క అభిప్రాయము తొలగినను చిన్న వర్తకుని శాతము హద్దులోనికి రావచ్చును.

న్యాయము మాట యేమి?

కొనువారి రక్షణకు మార్కుల పద్ధతి అవసరమే. కాని కారణము చెప్పక అంగడి మూయుట న్యాయము కాదను భావము పలు దేశములలో బలపడినది. జర్మనీ దేశపు పోటీ నియంత్రణ సంస్థ విచారణ ఫలితముగా, 2019 జూలైలో అమెజాన్ తన ఒడంబడికను మార్చుకొని, సాధారణముగా ఖాతా రద్దునకు 30 దినముల ముందు తెలుపుటకును, ఖాతాను నిలిపినచో కారణములు చెప్పుటకును అంగీకరించినది. ఐరోపా సమాజమున ఇట్టి నిబంధనలే 2020 జూలైలో అమలులోనికి వచ్చినవి.

మన దేశమున కాంపిటిషన్ కమిషన్ 2020 జనవరిలో ప్రకటించిన అధ్యయనమున, రేటింగుల విషయమున పారదర్శకత ఉండవలెనని సూచించినది. 2020 జూలై నాటి నియమములు కొనువారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెనని విధించినవి. ఖాతా నిలిచిన అమ్మువానికి అట్టి గడువును ఆ నియమములు చెప్పలేదు. కాని అమ్మువానికిని సంస్థకును నడుమ ముందుగా వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉండవలెనని నిర్దేశించినవి. కావున ఆ ఒడంబడికయే చిన్న వర్తకునికి ముఖ్యాధారము. ఆంక్షలు, విన్నపములు, పైకము నిలుపుదల అను మూడు విషయములను అందు చదివి తెలిసికొననిదే అంగీకారము తెలుపరాదు.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెను. జీవనమంతయు ఒకే ఆన్‌లైన్ అంగడిపై ఆధారపడరాదు. సహకార సంఘము, ఊరి సంత, పట్టణపు ప్రదర్శనశాల, పాత కొనుగోలుదారులు, వీటిని విడువక, వీటికి తోడుగనే ఆన్‌లైన్ అంగడిని పెట్టుకొనవలెను. ఒక్కొక్క ఇంటివారు వేరువేరుగా అమ్ముటకు బదులు, పది మగ్గములవారు సంఘముగా చేరి ఒకే ఖాతాపై అమ్మినచో ఆర్డర్ల సంఖ్య పెరుగును; ఒక్క ఫిర్యాదు బరువు తగ్గును. సరుకు పరీక్షించుటకు ఒకరు, కట్టి పంపుటకు ఒకరు, ఫోను చూచుటకు ఒకరు ఉందురు. చిన్నవానికి ప్రతికూలముగా నున్న గణితము, కలిసికట్టుగా పనిచేసినచో అనుకూలమగును. మన గ్రామముల పనివారు ఈ మార్గమును ఆలోచించుట ఎంతయు అవసరము.