ఒక్క ఆటపై నిలిచిన జట్టు

చదరంగము ఇద్దరు ఆడుకొను ఆట యని మనకందరకు తెలియును. కాని దానిని జట్లుగా ఆడు పద్ధతియు కలదు. అందు ప్రతి ఆటగాడును తన బల్లకడ ఒంటరిగనే పోరాడును. ఫలితము మాత్రము జట్టంతటికి చెందును. గెలిచినవారికి ఒక పాయింటు, ఆట సమముగా ముగిసిన ఇరువురికి చెరి అర పాయింటు లభించును. ప్రపంచ దేశముల జట్లు తలపడు ఇట్టి పోటీకే చదరంగ ఒలింపియాడని పేరు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన దేశముల నడుమ రాకపోకలు స్తంభించెను. అందుచే అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆ యేట జూలై, ఆగస్టు మాసములలో ఈ పోటీని అంతర్జాలము ద్వారా జరిపించెను. కాచిగూడలో ఒకరు, తార్నాకలో మరొకరు తమ యిండ్లలోనే కూర్చుండి, కంప్యూటరు తెరపై పావులు కదుపుచు ఒకే ఆట ఆడుటను ఊహింపుడు. దేశదేశముల వారును ఆ విధముగనే ఆడిరి. ఒక్కొక్క జట్టున ఆరు బల్లలు: పురుషులు ఇద్దరు, స్త్రీలు ఇద్దరు, ఇరువదేండ్లలోపు బాలుడొకడు, బాలిక యొకతె.

ఆగస్టు 29వ తేదీన సెమీఫైనలులో భారత జట్టు పోలండు జట్టు నెదుర్కొనెను. మొదటి విడతలో మనవారు 2–4 తేడాతో ఓడిపోయిరి. ప్రపంచ విజేతగా అయిదు పర్యాయములు నిలిచిన విశ్వనాథన్ ఆనంద్ సహితము ఆ విడతలో పరాజితుడయ్యెను. అయినను జట్టు ధైర్యము వీడలేదు. రెండవ విడతలో ఆనంద్ గెలిచెను. తెలుగు క్రీడాకారిణులైన కోనేరు హంపీ, ద్రోణవల్లి హారికలును గెలిచిరి. ఆ విడత 4½–1½ తేడాతో భారతదేశమునకు దక్కెను.

రెండు విడతల పాయింట్లు కూడిన మనకు 6½, పోలండునకు 5½ వచ్చును. అట్లయిన గెలుపు మనదే కదా యని మీకు తోచవచ్చును. కాని నియమము వేరు. పాయింట్ల మొత్తమును గాక, ఎవరెన్ని విడతలు గెలిచిరో చూచుటయే పద్ధతి. చెరియొక విడత గెలిచినందున ఇరుజట్లును సమానమే. ఇక ఒకే యొక ఆటతో తీర్పు జరుగవలెను.

ఈ నిర్ణాయక క్రీడకు ఆర్మగెడాన్ అని పేరు. ఇందు తెల్లపావులవారికి కాలము కొంత హెచ్చుగా నుండును. నల్లపావులవారికి కాలము తక్కువ. కాని ఆట సమముగా ముగిసినను వారే గెలిచినట్లు. భారతదేశము పక్షమున హంపీ, పోలండు పక్షమున మోనికా సోచ్కో ఆడిరి. ఆరుగురి శ్రమయు ఇప్పుడు ఒక్కరి చేతిలో నున్నది.

హంపీ 1987లో గుడివాడలో జన్మించెను. తండ్రి కోనేరు అశోక్‌గారే ఆమెకు తొలి గురువు. పదునైదేండ్ల ప్రాయముననే, 2002లో, గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందెను. తల్లియైన పిదప కొంతకాలము ఆటకు దూరమై, మరల వచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ విజేత యయ్యెను. ఆ కిరీటమును ఆమెకు ఆర్మగెడాన్ ఆటయే నిర్ణయించెను. ఆ యనుభవము ఇచట అక్కరకు వచ్చెను. నల్లపావులతో ఆడిన ఆమెకు సమాన ఫలితమే చాలును. అయినను దానితో తృప్తిపడక ఆటనే గెలిచి జట్టును ఫైనలునకు చేర్చెను.

మరునాడు రష్యాతో జరిగిన ఫైనలులో మొదటి విడత 3–3గా సమమయ్యెను. రెండవ విడతలో అంతర్జాల సంబంధము తెగి, నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ అను పిన్నవయస్కులిద్దరును కాలము మించుటచే ఓడినట్లు లెక్కింపబడిరి. రష్యా ఆ విడత నెగ్గెను. భారత జట్టు అప్పీలు చేసికొనగా, సమాఖ్య అధ్యక్షుడు ద్వార్కొవిచ్ ఇరుదేశములను సంయుక్త విజేతలుగా ప్రకటించెను. ఒలింపియాడు పోటీలలో మన దేశమునకు అదియే తొలి స్వర్ణము. 2024లో బుడాపెస్టులో, బల్లలకడ ఎదురెదురుగా కూర్చుండి ఆడి, పురుషుల జట్టును స్త్రీల జట్టును స్వర్ణములు గెలుచుకొనెను. తెలుగువారైన పెంటేల హరికృష్ణ, ఎరిగైసి అర్జున్, హారిక ఆ జట్లలో ఆడిరి.

విద్యార్థులారా! ఆ దినమున నిర్ణాయక క్రీడ ఆడినది హంపీ యొక్కతెయే. కాని రెండవ విడతలో తోడివారు గెలువకున్న ఆమెకు ఆ యవకాశమే లేదు. మొదటి విడతలో ఓడినవారు క్రుంగిపోయి యున్నచో రెండవ విడత గెలుపును లేదు. జట్టులో ఒకని ఓటమిని మరియొకడు పూరించును. తన వంతు వచ్చినపుడు వెనుదీయకుండుటయే ప్రతివాని ధర్మము.